వినడం, మాట వినడం: ‘ఒబే’ అనే క్రియ చరిత్ర

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకి అనువాదం క్లాసు చెబుతున్నాను. పది చిన్న ఇంగ్లీషు వాక్యాలు బోర్డు మీద రాసి తెలుగు చెయ్యమన్నాను. అందులో ఒకదాన్లో ‘ఒబే’ అనే క్రియ ఉంది. సగంమంది గైడు భాషలో “పిల్లలు పెద్దలకు విధేయులై ఉండవలెను” అని రాశారు. మిగిలిన సగంమంది ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో “పిల్లలు పెద్దల మాట వినాలి” అని రాశారు. రెండోదే బాగుందని చెబుతూ ఉంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. “మేడమ్, హియర్ అన్నా వినడమే, ఒబే అన్నా వినడమేనా? మరి విని కూడా చెయ్యకపోతే దాన్నేమంటారు?” అనడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. బస్సెక్కి ఇంటికి వస్తుంటే మాత్రం నవ్వు రాలేదు. అమ్మమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మమ్మకి ఎడమ చెవి వినపడదు. ఎవరు మాట్లాడినా తల కొంచెం తిప్పి కుడి చెవి పెడుతుంది. చిన్నప్పుడు అది ఆవిడ అలవాటనుకునేదాన్ని. ఇంటరు చదువుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ మామూలుగా చెప్పింది. పెళ్ళయిన మూడో ఏడు, పుట్టింటికి వెళ్ళొద్దన్నా వెళ్ళొచ్చిందని తాతయ్య చెంప మీద కొట్టాడట. వారం రోజులు చెవిలో హోరు, తర్వాత చీము. ఆ తర్వాత ఆ వైపు శబ్దమే లేదు. “మాట వినలేదని కొట్టారు అమ్మడూ, ఇంక వినపడకుండానే పోయింది” అని నవ్వింది. ఆ వాక్యంలోని ‘వినడం’ రెండు రకాలని ఆవిడకి ఏ భాషాశాస్త్రమూ చెప్పలేదు.

నా పరిశోధన అంతా సాహిత్యంలో జరిగింది. ‘విధేయత’ అనే మాటని స్త్రీవాద విమర్శలో వందసార్లు వాడి ఉంటాను, కానీ దాని వెనకున్న క్రియ ఎక్కడిదో ఎప్పుడూ వెతకలేదు. ఆ అమ్మాయి ప్రశ్న పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను.

*

‘ఒబే’ ఇంగ్లీషు నేల మీద పుట్టిన మాట కాదు. దాని మూలం లాటిన్‌లో ఉంది. ‘ఒబ్’ అంటే వైపుగా, ‘ఔదీరే’ అంటే వినడం. ఆడియో, ఆడిటోరియం, ఆడియన్స్ అన్నీ ఆ రెండో ముక్క పిల్లలే. ఆడిట్ కూడా ఆ కుటుంబమే, ఎందుకంటే పూర్వం లెక్కల్ని పైకి చదివించి వినేవాళ్ళు. అంటే ‘ఒబే’ అసలు అర్థం ఒకరి వైపు చెవి పెట్టడం. మా అమ్మమ్మ తల తిప్పినట్టుగా.

ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి 1300 ప్రాంతంలో వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక కోర్టు, దివాణం, చర్చి పెద్దల భాష చాలాకాలం ఫ్రెంచే. ఆజ్ఞలకి, శిక్షలకి, పన్నులకి సంబంధించిన మాటలెన్నో ఆ దారిలోనే వచ్చాయి. అంతకు ముందు ఇంగ్లీషువాళ్ళకి లోబడటానికి మాట లేదనుకుంటే పొరపాటు. పాత ఇంగ్లీషులో ‘హియర్’ పూర్వరూపమే రెండు పనులూ చేసేది. వినడమూ అదే, మాట వినడమూ అదే. మన ‘విను’ ఈనాటికీ చేస్తున్నది అదే. ఫ్రెంచి మాట వచ్చాక ఇంగ్లీషులో రెండూ విడిపోయాయి. చెవి చేసే పని ఇంటి మాటకి మిగిలింది, లొంగే పని దివాణం మాటకి పోయింది. అయినా పూర్తిగా విడిపోలేదు. ఈనాటికీ ఇంగ్లీషు తల్లి పిల్లవాణ్ణి ‘లిసన్’ అని గదమాయిస్తే అర్థం చెప్పింది చెయ్యమనే.

ఇది ఇంగ్లీషుకీ తెలుగుకీ మాత్రమే ఉన్న సంగతి కాదు. జర్మన్‌లో విధేయతని చెప్పే మాట వినడమనే ధాతువు నుంచే వచ్చింది. ‘ఒకరికి చెందడం’ అనే మాటా, ‘బానిసగా పడి ఉండటం’ అనే మాటా అక్కడివే. రష్యన్‌లో వినే క్రియకి ఒక చిన్న ప్రత్యయం తగిలిస్తే మాట వినడమవుతుంది. బైబిలు నాటి హీబ్రూలో వినడమనే మాటే లోబడటానికీ సరిపోతుంది. గ్రీకులో ‘కింద ఉండి వినడం’ అని నిర్మాణం. ఇన్ని భాషలు ఒకే దారి ఎందుకు పట్టాయి? రాత లేని కాలంలో ఆజ్ఞ అంటే నోటిమాట. చెప్పేవాడు ఒకడుంటాడు, వినేవాళ్ళు ఇంకొకరుంటారు. విన్నాక చెయ్యకపోవడమనే అవకాశాన్ని భాష లెక్కలోకే తీసుకోలేదు. మా విద్యార్థిని అడిగింది సరిగ్గా ఆ ఖాళీ గురించే.

*

ఈ క్రియ ఆడవాళ్ళ జీవితంలోకి చట్టబద్ధంగా అడుగుపెట్టిన చోటు పెళ్ళి.

మధ్యయుగాల ఇంగ్లండులో ఎక్కువగా నడిచిన సేరమ్ పద్ధతి పెళ్ళిలో వధువు చేసే ప్రమాణంలో ‘ఒబే’ లేదు. పడక దగ్గరా భోజనం దగ్గరా ‘బక్సమ్’గా ఉంటానని ఆమె చెప్పాలి. ఈ మాట చరిత్ర తెలిశాక నాకు కాసేపు ఏమీ తోచలేదు. ఈనాటి ఇంగ్లీషులో బక్సమ్ అంటే నిండైన వక్షోజాలున్న స్త్రీ. మొదట్లో దాని అర్థం ‘వంగేది’. తల వంచడం, నడుము వంచడం అనే పాత ఇంగ్లీషు క్రియకి ప్రత్యయం చేరితే వచ్చిన విశేషణం. వంగేది, అంటే లోబడేది. తర్వాత నెమ్మదస్తురాలు, ఆపైన ఉల్లాసంగా ఉండేది, ఆపైన ఒళ్ళు చేసిన ఆరోగ్యవంతురాలు, చివరికి రొమ్ములు. ముందు భార్య లక్షణంగా ఉన్న గుణం, కొన్ని వందల ఏళ్ళలో మగవాడి చూపుకి ఆనే శరీరభాగంగా మారిపోయింది. “మొక్కై వంగనిది మానై వంగునా” అని ఆడపిల్లల పెంపకం గురించి మనవాళ్ళు అంటున్నప్పుడల్లా నాకిప్పుడు ఈ మాట గుర్తొస్తుంది.

1549లో ఇంగ్లండు చర్చి మొదటి ప్రార్థన పుస్తకం వచ్చింది. ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ఆధ్వర్యంలో తయారైంది. అందులో బక్సమ్ పోయి ఆ స్థానంలో ‘ఒబే’ చేరింది. వరుడు ప్రేమిస్తాననీ ఆదరిస్తాననీ ప్రమాణం చేస్తాడు. వధువు ఆ రెండింటితోపాటు మూడోది కూడా చెయ్యాలి. 1662 నాటి పుస్తకమూ ఈ తేడాని అలాగే ఉంచింది.

దీనికి బైబిలు ఆధారమని చెబుతారు. కానీ ఎఫెసీయులకు రాసిన పత్రికలో భార్యలకి చెప్పిన గ్రీకు క్రియ వేరు, ‘కింద ఉండి వినడం’ అనే క్రియ వేరు. ఈ రెండోది అక్కడ పిల్లలకీ బానిసలకీ చెప్పారు. భార్య విషయంలో ఆ క్రియ కనిపించేది పేతురు పత్రికలో, శారా అబ్రాహాముని ప్రభువని పిలిచిన చోట. భార్యకి చెప్పిన మొదటి క్రియ సమానత్వం నేర్పుతుందని నేననడం లేదు. అదీ కింద ఉండమనే క్రియే. పెళ్ళి ప్రమాణంలోకి తెచ్చుకోవడానికి మాత్రం పిల్లలకీ బానిసలకీ వాడిన క్రియే దొరికిందంటున్నాను.

ఆ ప్రమాణం ఉత్త అలంకారం కాదు. 1352 నాటి ఇంగ్లండు రాజద్రోహ చట్టం ప్రకారం భర్తని చంపిన భార్యది హత్య కాదు, ‘చిన్న రాజద్రోహం’. యజమానిని చంపిన నౌకరుకీ అదే నేరం. భార్యని చంపిన భర్తది మామూలు హత్యే. ఆ నేరానికి ఆడవాళ్ళని కాల్చే శిక్ష 1790 దాకా పుస్తకాల్లో ఉంది. ఆ నేరమే 1828లో రద్దయింది. ఇంట్లో భర్త రాజు, భార్య ప్రజ. 1700లో ‘సమ్ రిఫ్లెక్షన్స్ అపాన్ మ్యారేజ్’ రాసిన మేరీ ఆస్టెల్ పట్టుకున్నది ఈ ముడినే. రాజ్యంలో నిరంకుశత్వం పనికిరాదని వాదిస్తున్న మగవాళ్ళకి ఇంట్లో అది ఎలా పనికొస్తోందని ఆమె నిలదీసింది.

*

ఈ మాటని పెళ్ళిలోంచి తీసెయ్యడానికి ఆడవాళ్ళు పడిన పాటు చాలా పెద్దది. 1838లో అమెరికాలో బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారిణి ఏంజలీనా గ్రింకే ‘ఒబే’ లేకుండా పెళ్ళి చేసుకుంది. 1840లో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అదే పని చేసింది. సమానులుగా జీవించబోతున్నామనుకున్న మనిషికి లోబడతానని ప్రమాణం చెయ్యడం ఆమెకి అర్థం లేనిదిగా తోచింది. పెళ్ళయిన కొద్ది వారాలకి భర్తతో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక సభకి వెళ్తే, అక్కడ స్త్రీ ప్రతినిధుల్ని సభ్యులుగా అంగీకరించలేదు. విడిగా కూర్చుని వినడానికి మాత్రం ఒప్పుకున్నారు. చర్చిలో తీసేసిన క్రియ సభామందిరంలో ఎదురైందన్నమాట. 1848లో సెనెకా ఫాల్స్‌లో చేసిన ప్రకటనలో, పెళ్ళి ఒప్పందంలో స్త్రీ చేత విధేయతా ప్రమాణం చేయించడం కూడా ఒక ఫిర్యాదుగా చేరింది. 1855లో లూసీ స్టోన్, హెన్రీ బ్లాక్‌వెల్ తమ పెళ్ళిలోనే వివాహ చట్టాలకి నిరసన చదివారు.

ఇంగ్లండులో ఓటుహక్కు ఉద్యమకారిణి ఊనా డగ్‌డేల్ 1912లో తన పెళ్ళిలో ఈ మాట వద్దని పట్టుబట్టి పత్రికలకెక్కింది. ఆ మాట తీసేస్తే పెళ్ళి చెల్లుతుందో లేదో అన్న అనుమానం లేచింది. ఒక్క క్రియ లేకపోతే పెళ్ళే కాదేమోనన్న భయం! ఆ అనుభవం మీద ఆమె, ప్రేమ గౌరవాలు సరే, ‘ఒబే’ మాత్రం కుదరదనే అర్థం వచ్చే పేరుతో కరపత్రం వేసింది.

అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి 1928 ప్రార్థన పుస్తకంలో ఆ మాట తీసేసింది. ఇంగ్లండులో అదే కాలంలో తయారైన సవరించిన పుస్తకాన్ని పార్లమెంటు కామన్స్ సభ 1927లో ఒకసారి, 1928లో ఇంకోసారి తిరస్కరించింది. అసలు గొడవ ప్రభు భోజన విధి గురించైనా, వధూవరులిద్దరికీ ఒకే ప్రమాణం పెట్టిన పాఠం కూడా దాంతోపాటు పడిపోయింది. ఆ 1928లోనే బ్రిటన్‌లో స్త్రీలకి పురుషులతో సమానంగా ఓటుహక్కు వచ్చింది. తర్వాత బిషప్పులు కొత్త పుస్తకం వాడకాన్ని చూసీ చూడనట్టు వదిలేశారు. అప్పటినుంచీ ‘ఒబే’ ఇష్టమైతే చెప్పుకునే మాటయింది. రాజకుటుంబాన్నే చూడండి. 1947లో ఎలిజబెత్ చెప్పింది, 1981లో డయానా చెప్పలేదు, 1986లో సారా ఫెర్గూసన్ చెప్పింది, 2011లో కేట్ చెప్పలేదు. అభివృద్ధి ఒకే దారిలో ముందుకి పోతుందనుకునేవాళ్ళు 1986ని గుర్తుపెట్టుకోవాలి.

*

ఇంగ్లండు నుంచి ఈ విధేయత మన దగ్గరికి ప్రార్థన పుస్తకంగా కాదు, చట్టంగా వచ్చింది. విడిగా ఉంటున్న భార్యని కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞాపించే పద్ధతి ఇంగ్లండు చర్చి కోర్టులది. దాని పేరు దాంపత్య హక్కుల పునరుద్ధరణ. 1884లో ఇంగ్లండు ఆ ఆజ్ఞని ధిక్కరించినవాళ్ళని జైల్లో పెట్టడం మానేసింది. 1887లో బొంబాయి హైకోర్టు రుఖ్మాబాయిని భర్త దగ్గరికి వెళ్తావా, ఆరు నెలలు జైలుకెళ్తావా అంది. పదకొండేళ్ళకి పెళ్ళి చేసిన మనిషితో కాపురం చెయ్యనని ఆమె చెప్పింది, జైలుకే సిద్ధపడింది. 1888లో డబ్బు చెల్లింపుతో రాజీ కుదిరింది. ఆ తర్వాత ఆమె ఇంగ్లండు వెళ్ళి వైద్యం చదివి డాక్టరై తిరిగొచ్చింది. 1891లో ఇంగ్లండు అప్పీలు కోర్టు, భార్యని బలవంతంగా నిర్బంధించే హక్కు భర్తకి లేదని తేల్చింది. ఆ పునరుద్ధరణ దావాని ఇంగ్లండు 1970లో పూర్తిగా రద్దు చేసుకుంది.

మన హిందూ వివాహ చట్టంలో అది తొమ్మిదో సెక్షన్. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఏ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. స్త్రీ శరీరం మీద నిర్ణయం ఆమెది కాకుండా పోతుందని గుర్తించిన తీర్పు అది, మన తెలుగు నేల మీద వచ్చింది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని నిలబెట్టింది. చట్టం ముందు ఇద్దరూ ఆ దావా వెయ్యొచ్చు నిజమే. కానీ ‘కాపురానికి రావడం’ అనే మాట మన భాషలో ఎవరి గురించి అంటామో మనకి తెలుసు.

*

ఇంతా చదివాక మన మాటల దగ్గరికి రాక తప్పలేదు. మన పెళ్ళిలో వధువు విధేయతా ప్రమాణం చెయ్యదు కదా, ‘నాతిచరామి’ అనేది వరుడే కదా అని గర్వంగా చెప్పేవాళ్ళున్నారు. నిజమే. కానీ వధువు చేత ఎవరూ ఏమీ అనిపించరు. తెరకి అటువైపు తలొంచుకుని కూర్చున్న పిల్ల మాట అవసరమే లేదు. అడిగితే కదా ఒప్పుకోవడమో కాదనడమో! ఇంగ్లీషు వధువుకి తీసెయ్యమని పోరాడటానికి ఒక మాటయినా ఉంది.

మన ‘శుశ్రూష’ని తీసుకోండి. ఆస్పత్రి మాట అనుకుంటాం. సంస్కృతంలో అది ‘వినడం’ అనే ధాతువుకి కోరికని తెలిపే రూపం. శుశ్రూష అంటే వినాలనే కోరిక. అక్కణ్ణుంచి మాట వినడం, సేవ చెయ్యడం, చివరికి రోగికి సపర్యలు. మనుస్మృతి ఈ శుశ్రూషని శిష్యుడికీ, భార్యకీ, శూద్రుడికీ విధించింది. శూద్రుడికైతే పై మూడు వర్ణాలకీ అసూయ లేకుండా శుశ్రూష చెయ్యడమే ఏకైక ధర్మమంది. ఇక్కడే ఒక ఘోరం కనిపిస్తుంది. వేదం పేరు శ్రుతి, అంటే విన్నది. ఆ శ్రుతిని కావాలని విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పొయ్యమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. ఒకే ధాతువు. మా మాట వినాలని కోరుకో, మా జ్ఞానం విన్నావా చెవులు పోతాయి. వినడంలో ఏది ఎవరికి చెందాలో కులమూ పితృస్వామ్యమూ కలిసి కూర్చుని పంచుకున్నాయి. మా అమ్మమ్మ చెవిని ఆ సూత్రం పక్కన పెట్టి చూడటం అతిశయోక్తి అనిపించొచ్చు. రెండు హింసలూ ఒకటని నేననడం లేదు. చెవి మీద అధికారం ఎవరిదనే ప్రశ్న మాత్రం ఒకటే.

తెలుగు క్రియల్లో కూడా ఎక్కువ తక్కువలున్నాయి. కింది వాళ్ళు పై వాళ్ళ మాట ‘వింటారు’. పై వాళ్ళు కింది వాళ్ళ మొర ‘ఆలకిస్తారు’. దేవుడు ఆలకిస్తాడు, దొర ఆలకిస్తాడు, కోడలు వింటుంది. ‘చెప్పుచేతల్లో ఉండటం’, ‘మాట జవదాటకపోవడం’, ‘ఎదురు చెప్పడం’, ‘నోరు లేవడం’. ఆడపిల్ల మంచిచెడ్డలు తేల్చే నుడికారాలు చాలావరకు చెవి నోటి చుట్టూనే తిరుగుతాయి. అన్నిటినీ ‘విను’కి ముడిపెట్టకూడదనుకోండి. ‘విన్నపం’ చూడటానికి ‘విను’ కుటుంబంలా ఉన్నా అది ‘విజ్ఞాపన’ నుంచి వచ్చింది. ‘వినయం’ కూడా వేరే ధాతువుదే. అయినా చెవికి ఇవన్నీ ఒకటిగా వినిపించడం ఒట్టి యాదృచ్ఛికంగా కొట్టెయ్యలేను, మనం వాటిని కలిపి నేర్చుకున్నాం మరి.

నా సంగతే చెప్పాలి. ఆరో తరగతిలో రాసిన మొదటి సెలవు చీటీ నుంచి పరిశోధన గడువు పొడిగించమని పెట్టుకున్న దరఖాస్తు దాకా ప్రతి కాగితం కిందా “ఇట్లు, తమ విధేయురాలు” అని సంతకం పెట్టాను. ఇంగ్లీషు దొరల కచేరీ ఉత్తరాల ముగింపుకి తెలుగు చేత అది. స్త్రీవాద విమర్శలో ధిక్కార స్వరాల మీద అధ్యాయాలు రాసిన సిద్ధాంత గ్రంథానికి పెట్టిన కాగితాల మీద కూడా అదే ముగింపు! అప్పుడు తట్టనేలేదు.

*

అయితే ఈ క్రియని మగవాళ్ళకీ రాజ్యానికీ వదిలేయాలా? 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి వాలంటీరుగా నిలబడింది. టిక్కెట్టు లేనిదే ఎవరినీ వదలొద్దని ఆమెకి చెప్పారు. టిక్కెట్టు లేకుండా వచ్చిన నెహ్రూని ఆమె ఆపేసింది. అది మాట వినడమా, వినకపోవడమా? ఏడేళ్ళ తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో చట్టాన్ని ఉల్లంఘించి జైలుకెళ్ళింది కూడా ఆవిడే. ఏ మాట వినాలో తనే నిర్ణయించుకునే మనిషికి రెండింటి మధ్యా వైరుధ్యం లేదు.

వినడానికి ఇంకో చరిత్ర కూడా ఉంది, అది మనం తయారుచేసుకున్నది. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ అంతా వినడం వల్ల వచ్చిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గర కూర్చుని, టేపు పెట్టి, వాళ్ళు చెప్పినట్టు విన్నారు. అక్కడ విన్నవాళ్ళు లోబడలేదు, చెప్పినవాళ్ళు ఆజ్ఞాపించలేదు. పార్టీ మాట విన్న ఆ స్త్రీల మాట పార్టీ ఎంతవరకు విన్నదనే ప్రశ్న ఆ పుస్తకంలోంచే లేచింది. ఒకరి వైపు చెవి పెట్టడమనే ‘ఒబే’ పాత అర్థానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలీదు.

తర్వాత క్లాసులో ఆ అమ్మాయికి జవాబు చెప్పాను. విని కూడా చెయ్యకపోతే దాన్ని ‘ఆలోచించడం’ అంటారన్నాను. ఆ పిల్ల నోట్సులో రాసుకుంది. మిగతావాళ్ళు పరీక్షకొస్తుందా అనడిగారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మకి ఇదంతా చెప్పాను. లాటిన్, నార్మన్లు, డయానా అన్నీ. కుడి చెవి నా వైపు పెట్టి ఓపిగ్గా వింది. అంతా అయ్యాక, “నువ్వు చెప్పింది విన్నానమ్మడూ. ఇప్పుడు నేను చెప్పేది విను. నాకు చెవి మిషను కొనిపెట్టు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు” అంది.

అరవై ఏళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆవిడని అడగలేదు. ఇన్ని వ్యాసాలు రాసిన నేనూ అడగలేదు.